వంటింటి పైపు

యాదలక్ష్మిని చంపింది ఆమె సొంత తమ్ముడు లింగస్వామి.

ఇందులో మట్టయ్యకు ఏ అనుమానమూ లేదు. ఎండాకాలం ఎండ కాస్తుందన్నంత మామూలుగా చెప్పేవాడు ఆ మాట. పెళ్లిళ్లలో చెప్పాడు, చావుల్లో చెప్పాడు, పాలివాళ్ల ముందు చెప్పాడు, కల్లు కాంపౌండులో పక్క బల్ల మీది ముఖం తెలియనివాడికి కూడా చెప్పాడు. ఎనిమిదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు గనుక మొదట్లో అయ్యో అన్నవాళ్లు తర్వాత తలూపారు, తలూపినవాళ్లు తర్వాత అదీ మానేశారు. మానేసినా నమ్మారు. అన్నిసార్లు విన్నాక నమ్మక ఏం చేస్తారు.

మట్టయ్య ఇల్లు కొత్తపేట వెనక గల్లీలో. కింద రెండు గదులు, వంటిల్లు, చిన్న పెరడు. పైన కిరాయికిచ్చే పోర్షన్. పండ్ల మార్కెట్‌లో గుమాస్తాగా చేసినన్నాళ్లూ అతని బట్టలకు బత్తాయి వాసన ఉండేది. మార్కెట్‌ను ఊరి బయటికి తరలించాక లారీల మోత పోయింది, వాసన పోయింది, తెల్లవారుజామున చాయ్ తాగడానికి పిలిచేవాళ్లు పోయారు. మట్టయ్య ఒక్కడు మిగిలాడు.

అతనిదీ యాదలక్ష్మిదీ మునుగోడు వైపు పక్కపక్క ఊళ్లు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్లోకి దిగుతాయి. మట్టయ్య మేనత్త నడివయసులోనే నేల చూస్తూ నడిచేది; ఎవరైనా పలకరిస్తే ముఖం ఎత్తలేక పక్కకు తిప్పి చూసేది. ఏడో తరగతి వరకు ఊరి బడిలో ఆ నీళ్లే తాగి చదువుకున్నవాడు మట్టయ్య. అందుకే పట్నంలో ఇల్లు కట్టినప్పుడు గోడల రంగు గురించి పట్టించుకోలేదు, వాకిలి ఏ దిక్కున్నదో పట్టించుకోలేదు. ఒక్క విషయంలోనే మొండిపట్టు పట్టాడు. వంటింట్లోకి నది నీళ్లు తప్ప ఇంకో చుక్క రాకూడదు.

అలా ఇంటికి రెండు లైన్లు వేయించాడు. బోరు నీళ్ల లైను స్నానాల గదికి, పెరటికి, పై పోర్షన్‌కు. కార్పొరేషన్ నల్లా నీళ్ల లైను మిద్దె మీద వేరే చిన్న ట్యాంకు నుంచి వంటింటికి మాత్రమే. ఇనుప పైపులు తెచ్చి, మరలు కోసి, గోడల్లో పెట్టి పూడ్చింది లింగస్వామి. బామ్మర్ది ప్లంబరు పనిలో ఉండగా బయటివాణ్ని ఎందుకు పిలవడం.

"సూడు, మీ ఊర్ల ఏ ఆడదానికన్న ఉన్నదా గిట్ల?" అని కొత్త నల్లా తిప్పి యాదలక్ష్మికి చూపించాడు మట్టయ్య. ఆమె నవ్వింది.

కొన్నేళ్లు గడిచాయి. యాదలక్ష్మి నడుము బిగుసుకోవడం మొదలైంది, తర్వాత మోకాళ్లు. దవాఖానలో డాక్టరు ఏ ఊరని అడిగాడు, ఏ నీళ్లు తాగుతారని అడిగాడు. చిన్నప్పటి నీళ్లు ఎముకల్లోనే ఉండిపోతాయని కూడా ఏదో అన్నాడు గాని మట్టయ్య ఆ మాట దగ్గర ఆగలేదు. ఇంటికొచ్చి వంటిల్లంతా వెతికాడు. ఆమె తాగే చిన్న బిందె అడుగున సున్నం పూసినట్టు తెల్లటి పొర. అది బోరు ఉప్పు. పుట్టిన ఊర్లో ప్రతి కుండకూ చూసిన ఉప్పు.

"ఈ బిందెల నీళ్లు యాడియి?"

"వంటింట్ల నల్లాకే పట్టిన," అంది యాదలక్ష్మి. తల తిప్పుకుని చెప్పింది.

ఇంకేముంది. వంటింటి నల్లాలో బోరు ఉప్పు వచ్చిందంటే గోడ లోపల ఎక్కడో రెండు లైన్లు కలిశాయి. కలిపింది పైపులు వేసినవాడే. పైపు ముక్క మిగుల్చుకోవడానికో, పని తొందరగా ముగించుకుని పోవడానికో. లింగస్వామిని పిలిపించి నడివాకిట్లో నిలదీశాడు. లింగస్వామి ఒకసారి అక్క వైపు చూశాడు. "కలపలే బావా," అన్నాడు. అంతే, తల దించుకున్నాడు. తల దించుకున్నవాడు తప్పు చేసినవాడేనని మట్టయ్య లెక్క. ఆ రోజు నుంచి ఆ గేటు లింగస్వామికి మూసుకుంది.

యాదలక్ష్మి మంచం పట్టి పోయింది. ముత్తైదువగా పోయిన ఆడదానికి పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. అది కప్పకుండా సాగనంపరు. తల్లిదండ్రులు లేరు. ఉన్నది తమ్ముడొక్కడే. లింగస్వామి ఎర్రంచు పోచంపల్లి చీర తీసుకుని వచ్చాడు. మట్టయ్య గేటుకు తాళం వేశాడు.

"సంపినోడే చీర కప్పుతడా?"

పాడె కదిలేదాకా లింగస్వామి రోడ్డు మీద చీర చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్తర అమావాస్య ముందు, మట్టయ్య కూతురు సంధ్యారాణి ద్వారా అదే మాట పంపుతాడు. ఫోటో ముందరన్నా పెట్టిపోతానని. ప్రతి ఏడాదీ మట్టయ్య ఒకే జవాబు పంపుతాడు.

ఈ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక పై పోర్షన్‌లోని రాఘవేంద్ర మెట్లు దిగి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు.

"బాబాయి గారూ, నీళ్లు రావట్లేదండి."

"మోటరు ఏసిన గద."

"వేశారండి. ట్యాంకు నిండి పొర్లుతోంది కూడా. మా కుళాయిలోంచి మాత్రం దారప్పోగంత వస్తోంది. కింద బకెట్ పెట్టి వెళ్లి రెండు క్లాసులు చెప్పి వచ్చానండి. సగమే నిండింది."

"నిండేదాక చెప్పకపోయినవు?"

రాఘవేంద్ర నవ్వలేదు. "మా ఆవిడ ఇల్లు మారదామంటోందండి," అన్నాడు.

ఆ మాటకు మట్టయ్య ప్లంబరును పిలిపించాడు. పేరు తిరుపతి. దేవరకొండ వైపువాడు, ఎల్బీనగర్ చౌరస్తాలో పనిముట్ల సంచితో నిలబడేవాళ్లలో ఒకడు. నల్లాలు విప్పి చూశాడు, పైపుల మీద సుత్తితో కొట్టి చూశాడు.

"లోపల మూసుకపోయినయ్ సారూ. ఇల్లంత మార్చాలె. పాతయి గోడల్నే పండనీయుండ్రి, మీదికెల్లి ప్లాస్టిక్‌వి ఏస్కపోత. మీకు దుమ్ము ఉండది, నాకు కష్టముండది."

"పాతయి తియ్యాలె."

"తియ్యాల్నంటే గోడలు పగలగొట్టాలె."

"పగలగొట్టు."

"లోపల బంగారమేమన్న పెట్టిన్రా సారూ?"

"దొంగతనం ఉన్నది లోపల. తియ్యి."

తిరుపతి గోడలు కోసే మిషన్ కిరాయికి తెచ్చాడు. ఇల్లు మట్టయ్యది, గోడలు మట్టయ్యవి. మట్టయ్యకు కావలసింది మాత్రం కొత్త పైపులు కావు. రెండు లైన్లు కలిసిన ఆ అతుకు కావాలి. దాన్ని గోడలోంచి పెకలించి, గుడ్డలో చుట్టి, తర్వాతి పెళ్లికి పట్టుకుపోయి అందరి ముందు పెట్టాలి. ఇన్నాళ్లూ నోటితో చెప్పింది ఇక చేతిలో పెట్టుకుని చూపించాలి.

రాఘవేంద్ర పని అయ్యేదాకా అని పెళ్లాంపిల్లల్ని తీసుకుని సైదాబాద్‌లో ఉన్న తోడల్లుడి ఇంటికి పోయాడు. కింద మిషన్ గోడలు కోస్తుంటే మట్టయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎర్రటి ఇటుక దుమ్ము పరుపు మీద పడింది, బియ్యం డబ్బా మీద పడింది, యాదలక్ష్మి ఫోటో మీద పడింది. గిన్నెలు మూసిపెట్టమని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని అన్నీ పాడయ్యాక గుర్తొచ్చింది. లేచి ఫోటో మీద తువ్వాలు కప్పాడు. మధ్యాహ్నం తిరుపతి అన్నానికి పోయి మిషన్ ఆగితే ఇంట్లో నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమనేది. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న పప్పు కవరులోంచే అన్నంలో పిండుకుని, దుమ్ము నోట్లో కరకరలాడుతుండగా తినేవాడు.

మొదట స్నానాల గది పైపులు వచ్చాయి. తిరుపతి ఒక ముక్క కోసి చూపించాడు. లోపలంతా తెల్లగా గడ్డకట్టింది, బొమికలో మూలగలాగా. నడుమ సన్నటి సందు. చిటికెనవేలు కూడా దూరదు.

"గిందుకే సారూ పైన నీళ్లు రానిది. బోరు ఉప్పు."

"వంటింట్ల గూడ గిట్లనే ఉంటది, సూడు," అన్నాడు మట్టయ్య. అతని గొంతులో ఆత్రం ఉంది.

వంటింటి గోడకు యాదలక్ష్మి ఏరి తెచ్చుకున్న పచ్చరంగు పలకలుండేవి. అవి ఊడి పడ్డాయి. గోడకు పైనుంచి కింద దాకా గాడి పడింది. పైపు కనిపించింది. మట్టయ్య కుర్చీలోంచి లేచాడు. మిద్దె నుంచి దిగిన పైపు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా చీలలేదు, ఎవరితోనూ కలవలేదు. కింద ఒక్క మలుపు తిరిగి నేరుగా నల్లాలోకి పోయింది.

తిరుపతి దాన్ని ఊడదీసి పెరట్లోకి తెచ్చి కోశాడు. ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"ఇది మంచిగున్నది సారూ. ఎర్ర తుప్పే ఉన్నది, తెల్లది లేదు. ఇందులకెల్లి బోరు నీళ్లు ఒక్క దినం గూడ పారలే."

"మల్ల సూడు."

"మీరే సూడుండ్రి."

మట్టయ్య చూశాడు. గుండ్రటి ఆకాశం కనిపించింది. దాని చుట్టూ ఎర్రటి తుప్పు. ఇంకో ముక్క అందుకుని చూశాడు. ఇంకోటి. లోపలికి పోయి గోడలో పక్కన కొట్టమన్నాడు. కొడితే ఇటుక వచ్చింది. కింద కొట్టమన్నాడు. ఇటుకే వచ్చింది.

"గోడంత కూలగొడుదమా సారూ?" అన్నాడు తిరుపతి. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. మట్టయ్య బయటికి పోయి గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం నాగోల్ నుంచి సంధ్యారాణి వచ్చింది, దుమ్ము కడుగుదామని. కొంగు నడుముకు దోపుకుని చీపురు పట్టింది. మట్టయ్య వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాడు.

"మీ అమ్మ బిందె తెల్లగ ఎందుకుండె?"

చీపురు ఆగింది. సంధ్యారాణి గోడలోని గాడి వైపు చూసింది, పెరట్లోని పైపుల వైపు చూసింది. అర్థమైంది.

"అమ్మకు నల్లా నీళ్లు సయించకపోతుండె నాయినా. బ్లీచింగ్ మందు వాసన అనేది. చప్పగున్నయి, గొంతు దిగుతలేవు అనేది. నువ్వు మార్కెట్‌కు పోయినంక, పెరట్ల బట్టలుతికే కాడ బోరు నల్లాకు పట్టుకునేది. మా ఊరి నీళ్ల లెక్కనే ఉన్నయని తాగేది."

"నీకెప్పటిసంది ఎరుక?"

"చిన్నప్పటిసంది."

"లింగనికి?"

"మామకు ఎరుకే. మానుమని మస్తు బతిమిలాడిండు. అమ్మ ఇనలే. నీకు చెప్పొద్దని మా ఇద్దరితోని ఒట్టు పెట్టించుకున్నది."

"నాకు చెప్తే ఏం జేస్తుంటి?"

సంధ్యారాణి తండ్రి ముఖంలోకి చూసింది. "ఏం జేస్తుంటివో నీకెరుక లేదా?"

మట్టయ్య పెరటి వైపు ముఖం తిప్పాడు.

"వచ్చినోళ్లకు పోయినోళ్లకు అందరికి చెప్పుకుంటివి, నా పెండ్లాన్ని ఆ నీళ్లకెల్లి తప్పించిన అని. గట్ల చెప్పుకునేటోనికి ఆమె ఎట్ల చెప్తది? పోయినంక నేను చెప్పబోయిన. మీ మామ పేరు ఎత్తితే నీకు గూడ గేటు మూస్త అంటివి." ఆమె మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. "ఇగ అమాసకు మామను రమ్మంటున్న. చీర పెట్టిపోతడు."

మట్టయ్య రమ్మనలేదు, వద్దనలేదు. ఎనిమిదేళ్లలో అతను వద్దనకపోవడం అదే మొదటిసారి. సంధ్యారాణికి అది చాలు.

అమావాస్య దాకా తిరుపతి పని చేసుకుంటూ పోయాడు. మట్టయ్య ఇక కుర్చీ వేసుకుని కూర్చోలేదు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో అతనితోపాటు లింగస్వామి కూడా ఉండేవాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ అతన్ని తిట్టేవాడు, రాత్రి తలుపు గడియ పెడుతూ ఇంకోసారి తిట్టేవాడు. నడుమ చాయ్ తాగేటప్పుడు కొత్త మాటలు వెతుక్కునేవాడు. ఇప్పుడు తిట్టబోతే నోరు ఆగిపోతోంది. తిట్టు పోయి తగలాల్సిన చోట లింగస్వామి లేడు. బిందె పట్టుకుని పెరట్లోకి పోతున్న యాదలక్ష్మి ఉంది. నడుము మీద చెయ్యేసుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ. ఆ వెనక్కి తిరిగి చూసుకోవడం ఎవరి కోసమో మట్టయ్యకు తెలుసు. ఆమె మీద కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే ఒక సాయంత్రం ఫోటో మీది తువ్వాలు తీయడానికి పోయి, తీయకుండా వెనక్కి వచ్చాడు.

అమావాస్య నాటికి కొత్త పైపులన్నీ గోడల్లోకి పోయాయి. గాడుల మీద సిమెంటు పూత బూడిద రంగులో పెద్ద పెద్ద కుట్లలాగా కనిపిస్తోంది. పాత పైపులు వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి. సంధ్యారాణి పొద్దున్నే వచ్చి ఫోటో తుడిచి దండ వేసింది, వండింది, విస్తరి వేసింది. మట్టయ్య ముందరి గదిలో గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

లింగస్వామి తుర్కయంజాల్ నుంచి బస్సులో వచ్చాడు. ముసలివాడయ్యాడు. తెల్ల అంగీ ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు. చంకలో కవరు, కవరులో చీర. గేటు తీసే ఉంది. దాటి రెండడుగులు వేసి కుప్ప దగ్గర ఆగాడు. తన పైపుల్ని గుర్తుపట్టాడు. వంగి, వెతికి, ఎర్ర తుప్పున్న ముక్క ఒకటి తీశాడు. కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టి, చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. మట్టయ్య ఇదంతా కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"బాగున్నవా బావా."

మట్టయ్య లేచి కుర్చీని పక్కకు జరిపాడు. గుమ్మం ఖాళీ అయింది. అతని వరకు అది మామూలు సంగతి కాదు. సంధ్యారాణి కళ్లు తుడుచుకుంది.

"లోపటికి రా మామా."

లింగస్వామి అడుగు ఎత్తలేదు. "వస్త బిడ్డా," అని మట్టయ్య వైపు తిరిగాడు. "పైపు చూసినవు గద బావా."

"చూసిన."

"లింగడు కలపలే అని ఒక్క మాట అను. అక్క ముచ్చట ఎత్తకు. ఆమెది ఆమెతోనే పోయింది. పైపు మాట ఒక్కటే. దీపావళి పోయినంక మీ పాలోళ్ల బక్కయ్య మనుమరాలి లగ్గం ఉన్నది, అందరొస్తరు. నన్ను సంపినోడన్న నోటితోనే ఆడ అను."

మట్టయ్య కిటికీ వైపు చూశాడు.

"పోనీ ఆడ ఒద్దు," అన్నాడు లింగస్వామి. గొంతు తగ్గింది. "ఈడనే అను. బిడ్డ ముందట. నేను విని లోపటికొచ్చి, చీర పెట్టి పోత."

"అను నాయినా," అంది సంధ్యారాణి. "ముగ్గురమే ఉన్నం."

మట్టయ్య నోరు తెరిచాడు. మాట చిన్నదే. కానీ దాని వెనక ఇంకో మాట నిలబడి ఉంది. లింగడు కలపకపోతే మరి ఎవరు? ఆ రెండోదాని వెనక మూడోది ఉంది. ఆమె ఎవరికి భయపడి దాచింది? మొదటిది బయటికి వస్తే మిగతా రెండూ ఆగవు.

"పైపులు మారినయ్," అన్నాడు చివరికి. "ఇగ మాటలెందుకు? చీర బిడ్డకియ్యి, పెడతది."

లింగస్వామి తలాడించాడు, ఒప్పుకున్నట్టు కాదు. "బిడ్డ చేతికిచ్చి పోయేటట్టయితే ఎనిమిదేండ్లసంది ఎందుకు అడుగుత బావా? నా చేతితోనే పెట్టాలె. దొంగ చేతితోని పెట్ట."

కవరు మళ్లీ చంకలో పెట్టుకుని గేటు దాటాడు. సంధ్యారాణి చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ చివరి దాకా పరుగెత్తింది. ఒంటరిగానే తిరిగి వచ్చింది. ఫోటో ముందు విస్తరిలో అన్నం చల్లారిపోయింది. ఆమె తన సంచి తీసుకుంది.

"ఒక్క మాట నాయినా. ఒక్క మాట."

"తిని పో."

"నాకొద్దు."

ఆమె పోయాక మట్టయ్య ఆ విస్తరి ముందు కూర్చున్నాడు. తినలేదు. వంటింట్లోకి పోయి కొత్త నల్లా తిప్పాడు. నీళ్లు జోరుగా వచ్చాయి. కట్టేశాడు. మరునాడు పాత ఇనుము బండివాడు వచ్చి కుప్పంతా ఎత్తుకుపోయాడు. ఆ వారంలోనే రాఘవేంద్ర కుటుంబం పైకి తిరిగి వచ్చింది. నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయండి అని మెట్ల మీది నుంచే చెప్పాడు రాఘవేంద్ర. మట్టయ్య చెయ్యి ఊపాడు.

దీపావళి వెళ్లాక బక్కయ్య మనవరాలి పెళ్లి ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్‌లో జరిగింది. సంధ్యారాణి ఆడవాళ్ల వైపు కూర్చుంది. తండ్రి వచ్చాడని చూసి ముఖం తిప్పుకుంది. లింగస్వామి కూడా వచ్చాడు, వెనక వరసలో ఒక చివర కూర్చున్నాడు, పక్క కుర్చీ ఖాళీ. బంతిలో మట్టయ్య పక్కన కూర్చున్న బక్కయ్య మోచేత్తో పొడిచాడు.

"ఏం మట్టయ్యా, గోడలన్ని పగలగొట్టినవంట. దొరికిండా నీ బామ్మర్ది?"

చుట్టూ ఉన్నవాళ్లు అన్నం కలుపుతూ ఇటు చూశారు. మట్టయ్య చేతిలో ముద్ద ఉంది. హాలు చివర లింగస్వామి కూడా ఇటే చూస్తున్నాడు. అంత దూరానికి మాటలు వినపడవు. మట్టయ్య పెదవుల్నే చూస్తున్నాడు.

మట్టయ్య ముద్ద విస్తరిలో వదిలేశాడు.

"చెప్పవేంది?" అన్నాడు బక్కయ్య. కొంచెంసేపు చూసి, పక్కవాడి వైపు తిరిగి కన్ను గీటాడు. "దొరికినట్టే ఉన్నది. ఇంటి పరువని చెప్తలేడు."

తలలు ఊగాయి. కాదని అనడానికి మట్టయ్యకు అప్పుడు ఒక్క క్షణం దొరికింది. అది పోయేదాకా ఊరుకున్నాడు. తర్వాత విస్తరి మడిచి లేచాడు.

"ఆ ముచ్చట ఇగ నా నోటెంబడి రాదు బక్కయ్యా," అన్నాడు. "ఇయ్యాల రాదు, సచ్చేదాక రాదు. ఎవ్వరు అడగొద్దు."